పిట్ట రెట్టతో గడ్డి మొలుస్తుందా?

చాలావరకు మొలవదు, గింజలు తినే పిట్టలు గడ్డి విత్తనాన్ని నాటవు, అరిగించుకుంటాయి. మునియా పిట్టనే చూడండి, ఊదగడ్డి కంకి మీద వాలి ఒక్కో గింజనూ ముక్కులో అటూ ఇటూ తిప్పి పొట్టు ఒలిచి కింద రాల్చేస్తుంది, లోపలి పప్పు మాత్రమే మింగుతుంది. ఆ పప్పు కూడా అలాగే మిగలదు, కందనకాయలో (అవును, కోడికూరలో మనం ఏరుకుని తినేదే) పిట్ట మింగిన ఇసుక రేణువులతో కలిసి పిండైపోతుంది. ఇక మొలిచేదేముంది? ఎప్పుడో ఒకటీ అరా తప్పించుకుంటాయి, తినేటప్పుడు జారిపడ్డవీ మొలవొచ్చు.

గోడల మీద రావి మొలవడం చూసి అన్ని పిట్టలూ ఇంతే అనుకుంటారు. అది కోకిల, పిగిలిపిట్ట లాంటి పండ్లు తినే పక్షుల పని, వాటికి కావాల్సింది గుజ్జు, అందుకే విత్తనం చెక్కుచెదరకుండా బయటికొస్తుంది.