నాయకుణ్ణి చూసి దేశాన్ని అంచనా వెయ్యొచ్చా?

మీ ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో రోజూ రాత్రి వార్తల టైముకి ఒకటే వాదన. మావారు "జనం ఎలాంటివాళ్లో వాళ్లకి నాయకుడూ అలాంటివాడే దొరుకుతాడు" అంటారు. మా అబ్బాయి ఒప్పుకోడు, "అసలు ఓటేసింది ఎంతమంది, అందులో ఆయనకి వేసింది ఎంతమంది" అని ఫోన్‌లో లెక్కలు తీసి చూపిస్తాడు. ఒక నాయకుడు తన దేశం విలువలకి నిజంగా ప్రతినిధేనా? మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీవారి మాటలోనూ నిజముంది, మీ అబ్బాయి లెక్కలోనూ నిజముంది, కానీ రెండూ కలిపినా మీ ప్రశ్నకి జవాబు రాదు. ఇప్పటి నాయకుల్లో ఎవరి పేరు ఎత్తినా మీ ఇంట్లో గొడవ పెరుగుతుందే తప్ప తగ్గదు కాబట్టి, లెక్కలన్నీ తేలిపోయిన పాత కథ ఒకటి తీసుకుందాం. ఇందిరా గాంధీ కథ.

నాయకురాలూ దేశమూ ఒకటేనని పైకే అనేసిన రోజులవి. "ఇందిరే ఇండియా, ఇండియాయే ఇందిర" అన్నది వీధి చివర కార్యకర్త కాదు, కాంగ్రెస్ అధ్యక్షుడు దేవకాంత్ బరువా. ఆ మాట ఊరికే పుట్టలేదు. 1969లో 14 బ్యాంకుల్ని జాతీయం చేసింది, 1971లో గరీబీ హటావో అని 352 సీట్లు గెలిచింది, ఆ ఏడాది చివర్లోనే బంగ్లాదేశ్ యుద్ధం గెలిచింది. జనానికి ఆమె మీద ఉన్న అభిమానం నూటికి నూరుపాళ్లూ నిజమైనదే. కాకపోతే ఆ 352 సీట్ల వెనకున్న ఓట్లు నూటికి 44 కూడా లేవు. మీ అబ్బాయికి ఈ లెక్క నచ్చుతుంది. ఆ మాటకొస్తే మన దేశంలో ఏ లోక్‌సభ ఎన్నికలోనూ ఏ ఒక్క పార్టీకీ సగం ఓట్లు రాలేదు, 1984లో కాంగ్రెస్ నాలుగొందల సీట్లు దాటినప్పుడు కూడా రాలేదు.

సరే, 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నిక చెల్లదంది. 25 రాత్రి ఎమర్జెన్సీ. ప్రతిపక్ష నాయకులు జయప్రకాశ్ నారాయణ్, మొరార్జీ దేశాయ్ తెల్లారేసరికి అరెస్టయ్యారు, ఢిల్లీలో పత్రికాఫీసులున్న వీధికి కరెంటు తీసేశారు. తర్వాత 21 నెలలు ఏం జరిగిందో రాయాలంటే ఈ సంచిక మొత్తం చాలదు, ఒక్క ఊరి సంగతి చెప్తాను. హర్యానాలో ఉటావర్ అని ఊరు. 1976 నవంబర్‌లో ఒకరోజు తెల్లవారుజామున పోలీసులు ఆ ఊరిని చుట్టుముట్టి, మైకులో కేకలేసి మగవాళ్లందర్నీ ఒకచోటికి రప్పించి, బళ్లలో ఎక్కించుకుపోయి చాలామందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించారు. బడిపంతుళ్లకి "ఇంతమందిని తీసుకురండి, లేకపోతే జీతం రాదు" అని కోటాలు పెట్టారు. ఉత్తరాదిలో ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి.

1977 మార్చిలో ఎన్నికలొచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో 85 సీట్లుంటే కాంగ్రెస్‌కి సున్నా. బీహార్‌లో 54కి సున్నా. హర్యానాలో, పంజాబ్‌లో, ఢిల్లీలో సున్నా. రాయ్‌బరేలీలో ఇందిర స్వయంగా రాజ్ నారాయణ్ చేతిలో 55 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయింది. మీవారి సూత్రం ప్రకారం దేశం విలువలు ఆరోజు గెలిచినట్టే. చాలా పుస్తకాల్లో అలాగే రాసుకున్నాం కూడా.

మరి మన సంగతో? అదే ఎన్నికలో, అదే నెలలో, ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకి 41 కాంగ్రెస్‌కే ఇచ్చాం. జనతా పార్టీకి దక్కింది నంద్యాల ఒక్కటే, అక్కడ గెలిచింది నీలం సంజీవరెడ్డి. మరుసటి ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లోనూ 294లో 175 సీట్లు ఇందిరా కాంగ్రెస్‌వే. 1980లో ఆమె రాయ్‌బరేలీతో పాటు మన మెదక్‌లోనూ నిలబడి జైపాల్ రెడ్డి మీద గెలిచింది, రెండిట్లో మెదక్‌నే ఉంచుకుంది. చనిపోయేనాటికి ఆమె తెలుగు నేల నుంచి ఎన్నికైన ఎంపీ.

అంటే ఉత్తరాదివాళ్లకి ప్రజాస్వామ్యం విలువ తెలుసు, మనకి తెలియదు అనుకోవాలా? అది ఒట్టి అబద్ధం. మన దగ్గర ఎమర్జెన్సీ లేకనా అంటే, ఉంది. 1975 జూలైలో అదే మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని పోలీసులు చంపి ఎన్‌కౌంటర్ అన్నారు, చెట్లకి కట్టేసి కాల్చారని తర్వాత పౌరహక్కులవాళ్ల తార్కుండే కమిటీ తేల్చింది. ఆ డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో రైతు ఉద్యమకారులు భూమయ్యని, కిష్టాగౌడ్‌ని ఉరితీశారు. బెంగళూరు జైల్లో మన నటి స్నేహలతా రెడ్డిని విచారణ లేకుండా ఎనిమిది నెలలు ఉంచారు, ఆస్తమాతో నరకం చూసి, 1977 జనవరిలో బయటికొచ్చిన కొద్దిరోజులకే ఆమె చనిపోయింది. ఇవన్నీ జరిగాయి. పేపర్లకి సెన్సారు కాబట్టి చాలామందికి తెలియలేదు, తెలిసినవాళ్లలోనూ చాలామందికి అది వేరేవాళ్ల గొడవ. ఉటావర్‌లో జరిగింది మన ఊళ్లలో ఆ స్థాయిలో జరగలేదు. మన పల్లెల్లో ఇందిర పేరు చెప్తే గుర్తొచ్చింది ఇళ్ల స్థలం, బ్యాంకు లోను, వెట్టిచాకిరీ రద్దు. కూలీనాలీ చేసుకునేవాళ్లు ఆమెని ఇందిరమ్మ అన్నారు, ఇంటి మనిషిని పిలిచినట్టు పిలిచారు. ఆ ఓటు జైళ్లకి వేసిన ఓటు కాదు. కానీ జైళ్లని పట్టించుకోని ఓటు.

నేను చెప్పదల్చుకున్నది ఇదేనమ్మా. నాయకుడు ఒక దేశం దేన్ని గౌరవిస్తుందో చూపించడు, ఆ సమయానికి అక్కడి జనం దేన్ని చూసీచూడనట్టు వదిలెయ్యడానికి సిద్ధపడ్డారో చూపిస్తాడు. ఈ రెండూ వేరు. ఒక మనిషి ఇంట్లో నీతిగా, పొరుగువాడితో దయగా ఉంటూనే, దూరంగా ఇంకెవరికో జరిగే అన్యాయాన్ని "మనకెందుకులే" అనుకుని ఓటేసి రావచ్చు. అలాంటివాళ్లు చెడ్డవాళ్లు కారు, మనలో ఎక్కువమంది అలాంటివాళ్లమే. నన్ను భయపెట్టేది కూడా అదే.

దెబ్బ మన గుమ్మంలోకి వచ్చినప్పుడు మనమేం చేశామో చూడండి. అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రుల్ని ఢిల్లీ మార్చింది, బేగంపేట విమానాశ్రయంలో అప్పటి ముఖ్యమంత్రి అంజయ్యని రాజీవ్ గాంధీ అందరి ముందూ కసురుకున్నాడు. అంతే, 1982 మార్చిలో ఎన్టీఆర్ పెట్టిన తెలుగుదేశం పార్టీకి 1983 జనవరిలో రెండొందలకు పైగా సీట్లిచ్చాం. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని దించేస్తే ఊరూరా రోడ్లెక్కాం, నెలరోజుల్లో మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాం. ఆ డిసెంబర్‌లో దేశమంతా ఇందిర హత్య దుఃఖంలో కాంగ్రెస్‌కి పోటెత్తితే, మన దగ్గర తెలుగుదేశానికి 30 సీట్లు. మెదక్ కూడా తెలుగుదేశానికే పోయింది. ఏడేళ్లలో మన విలువలు మారిపోయాయా? జనం అదే జనం. 1977లో దెబ్బ వేరేవాళ్లకి తగిలింది, 1984లో మనకి తగిలింది.

కాబట్టి మీవారికి చెప్పండి, నాయకుణ్ణి చూసి జనం అంతా ఇంతేనని తీర్పు చెప్పొద్దని. మీ అబ్బాయికీ చెప్పండి, "నూటికి 44 మందే కదా వేశారు, మిగతావాళ్లకి సంబంధం లేదు" అని లెక్కలో దాక్కోవద్దని. ఆ 21 నెలలు వెయ్యనివాళ్లలోనూ చాలామంది నోరు మెదపలేదు. అయినా మెదిపినవాళ్లున్నారు. 1976 ఏప్రిల్‌లో, ఎమర్జెన్సీలో మనిషిని అక్రమంగా జైల్లో పెడితే కోర్టుకి వెళ్లే హక్కుందా అనే కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల్లో నలుగురు లేదన్నారు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే ఉందన్నాడు. తొమ్మిది నెలల తర్వాత ఆయనకి రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన కంటే జూనియర్‌కి ఇచ్చారు, ఆయన రాజీనామా చేశాడు. ఆ రోజుల్లో ఇండియా విలువలు ఎక్కడున్నాయని అడిగితే నేను ఖన్నాగారినే చూపిస్తాను.

ప్రశ్న: నేను టెక్సాస్‌లో ఉంటాను. ట్రంప్ రెండోసారి గెలిచాక ఇండియాలో చుట్టాలందరూ "అమెరికన్లు ఇంతేనా, మీరు అక్కడెలా ఉంటున్నారు" అని ఫోన్లు. అవుననాలో కాదనాలో తెలియట్లేదు.
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: రెండూ అనకండి. 2016లో హిల్లరీ క్లింటన్‌కి దేశం మొత్తం మీద దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువొచ్చాయి, అయినా రాష్ట్రాల వారీ ఎలక్టోరల్ ఓట్ల పద్ధతిలో ట్రంప్ అధ్యక్షుడయ్యాడు. అప్పుడు "ఇది మా దేశం కాదు" అనుకోవడానికి సగం మందికి వీలుండేది. 2024లో అలా కుదరదు, ఓట్లలోనూ ఆయనే ముందున్నాడు, అయితే అదీ సగానికి కాస్త తక్కువే, పైగా ఓటు హక్కున్నవాళ్లలో మూడోవంతుకి పైగా ఓటే వెయ్యలేదు. ధరలు మండిపోతున్నాయని వేసినవాళ్లున్నారు, సరిహద్దు గురించి వేసినవాళ్లున్నారు, ఆయన మాట తీరు నచ్చకపోయినా వేసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. పైన ఖమ్మం పాఠకురాలికి చెప్పిందే మీకూ వర్తిస్తుంది, ఆ చివరివాళ్ల గురించి ఆలోచించండి, వాళ్లు దేన్ని వదిలేశారు, ఎందుకు వదిలేశారు అని.

ఇంకో సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేథే ఊళ్లో ఒక బార్‌లో, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరుని ఒకడు "మా దేశం నుంచి పో" అని అరిచి కాల్చి చంపాడు. ఆయన పక్కనే కూర్చున్న తెలుగు స్నేహితుడు గాయపడ్డాడు. తుపాకీ పట్టుకున్నవాణ్ణి ఆపడానికి వెనకే పరిగెత్తి తనూ తూటా తిన్న కుర్రాడు కూడా అమెరికనే, తెల్లవాడే. ఒకే రాత్రి, ఒకే గది, ఒకే దేశంవాళ్లు. మీ చుట్టాలు అడిగితే ఆ ఇద్దరి గురించీ చెప్పండి. ఒకణ్ణి మాత్రమే చెప్తే అబద్ధం చెప్పినట్టవుతుంది, ఆ ఒకడు ఎవరైనా సరే.

ప్రశ్న: మా తాతయ్య 1977లోనూ ఇందిరాగాంధీకే ఓటేశానని గర్వంగా చెప్తాడు. కాలేజీలో ఎమర్జెన్సీ గురించి చదివాక నాకు ఆయనంటే ఎలాగో అనిపిస్తోంది. అడగాలంటే భయం, అడక్కపోతే టెన్షన్.
– డిగ్రీ విద్యార్థిని, సంగారెడ్డి

జవాబు: అడగమ్మా, తప్పకుండా అడుగు. కానీ "ఎలా వేశావు తాతయ్యా" అని నిలదీస్తూ మొదలుపెట్టకు, ఆయన నోరు మూసుకుంటాడు, లేదా కోప్పడతాడు. అప్పట్లో ఊరికి ఏ పేపరొచ్చేది, రేడియో ఎవరింట్లో ఉండేది, అక్కడ మొదలుపెట్టు. మీది అప్పట్లో మెదక్ జిల్లానే, 1980లో ఆమె ప్రచారానికి వస్తే చూడ్డానికి వెళ్లాడేమో కనుక్కో. మీ కుటుంబానికి భూమో ఇంటి స్థలమో వచ్చిందా, వస్తే ఏ ఏడాది, పట్టా కాగితం ఇంకా ఉందా అని అడుగు. ఆ ఓటు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు నీకు సగం తెలుస్తుంది.

ఆ తర్వాత గిరాయిపల్లి పేరెత్తు. అప్పట్లో ఆ సంగతి తెలుసా అని అడుగు. తెలియదంటే నమ్ము, చాలామందికి నిజంగానే తెలియదు. తెలుసంటే ఆ తర్వాతి మాట ఆయన్నే చెప్పనివ్వు, నువ్వు అందించకు. ఆయన నీకు నచ్చని జవాబే చెప్పొచ్చు, "ఆ కుర్రాళ్లకి అలాగే కావాలి" అన్నా అనొచ్చు. అప్పుడు నీకు కోపం రావడం న్యాయమే, ఆ కోపం ఆయన ముందే చెప్పు, ముసుగేసుకుని కూర్చోకు. తాతయ్య మీద ప్రేమ ఉండి కూడా ఆయన ఓటు తప్పని అనొచ్చు.

1983లో, 84లో ఎవరికి వేశాడో కూడా అడుగు. నాకైతే అదే ఎక్కువ తెలుసుకోవాలనుంది. ఆయన ఒప్పుకుంటే ఆయన మాటల్లోనే రాసి మాకు పంపు, పేరు లేకుండా వేస్తాం.