సాదా చీర నేసే ముందు

చిరంజీవి మనవరాలికి తాత ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన నమూనా చూశాను. తెల్లటి నేల, అంచున రెండు నల్ల గీతలు, కొంగులో ఒకే ఒక చతురస్రం. కింద "ఇకపై బతుకు కూడా ఇంతే సాదాగా" అని రాశావు. చీర నచ్చింది బిడ్డా, ఆ వాక్యం మీదే నాకు పేచీ.

చిటికి పనిలో, అంటే నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దే పనిలో, ఒక రంగు తగ్గిస్తే ఒక కట్టు, ఒక అద్దకం నిజంగానే తగ్గుతాయి. బొమ్మలు తగ్గిస్తే అలా కాదు. నిండా పువ్వులున్న చీరలో పోగు జరిగినా కన్ను పట్టదు. ఖాళీ నేల మీద నీ చతురస్రం అంచు చెదిరితే కొనేవాళ్లు మొదట దాన్నే చూస్తారు. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే చిటికి గుడ్డలో ఉన్నవి ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే. ఆ రంగులు పట్టాలంటే నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టాలి. కాబట్టి సాదా చీర కదా అని గడువు తగ్గించుకోకు, ధరా తగ్గించకు. ఇంకో చిక్కు, ఇలాంటి నమూనాను మిల్లులో అచ్చు వేయడం అన్నిటికంటే ముందు జరుగుతుంది. పోచంపల్లి చిటికికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్నా అచ్చు చీరలు ఆగలేదు.

అన్నిటికంటే ముఖ్యం ఆసు. చీర ఎంత సాదాగా ఉన్నా పేకకు, అంటే అడ్డపోగులకు, చిటికి కట్టాలంటే ఎవరో ఒకరు కొయ్యల చుట్టూ వేలసార్లు చెయ్యి తిప్పి ఆసు పోయాలి. మన ఇళ్లలో ఆ భుజాలు ఆడవాళ్లవే. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి బాధ చూడలేక ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం చూడటానికి సాదాగా ఉండదు. బతుకును మాత్రం తేలిక చేసింది.

ఆలోచనలోనూ ఇంతే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగింది పసిపిల్లలకు కూడా అర్థమయ్యే మాట: భూమి లేనివారికి భూమి ఇవ్వండి. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్నారు. అంత సూటిగా అడగబట్టే అది భూదానోద్యమమై దేశమంతా పాకింది. తర్వాత రాళ్ల నేలలూ తగాదా భూములూ దానంలోకి వచ్చాయి. కొలతలు, పట్టాలు ఏళ్లపాటు తేలలేదు. మాట తేలికైంది, బరువు రికార్డుల మీద పడింది.

అందుకే ఏదైనా సాదాగా చేయాలనుకున్నప్పుడు, తీసేసిన కష్టం ఎవరి దగ్గరికి పోయిందో వెతుకు. ఫ్రిజ్ వద్దన్నావట, మంచిదే. రోజూ కూరగాయలకు పోయేది మీ అమ్మే అయితే ఆ నిరాడంబరత నీది కాదు.

నమూనా మార్చొద్దు. ముందు ఒక్క చీరకే కట్టించు. ఆసు పోసినవారి కూలి విడిగా రాసి, ఆ లెక్క కాగితం నాకు పంపు.

మీ తాత