వేపచెట్టు కొట్టే ముందు

హనుమకొండ,
సంక్రాంతి తర్వాత

బిడ్డా,

కాలనీ కార్యదర్శివి అయ్యావు, సంతోషం. ఫోన్‌లో నువ్వు చెప్పినదాన్ని బట్టి మీ గల్లీ వేపచెట్టు మీద ముగ్గురికి మూడు ఫిర్యాదులున్నాయి. కొత్త మోరీకి అడ్డం వస్తోందని మేస్త్రీ అంటున్నాడు. ఆకులు రాలి నీళ్ల ట్యాంకు నిండుతోందని ఎదురింటాయన గొడవ. గాలిదుమారానికి ఇంటి మీద పడుతుందని మూడో ఆయన భయం. ముగ్గురూ కలిసి నీతో రాయించాలనుకుంటున్న దరఖాస్తు మాత్రం ఒకటే, చెట్టు తీసేయమని. అది రాయకు. మోరీది వేర్ల సంగతి, ట్యాంకుది కొమ్మల సంగతి, భయానిది పరీక్ష సంగతి. మూడింటికీ వేర్వేరు మందులున్నాయి, చెట్టు కొట్టడం అన్నిటికన్నా చివర.

ముందు చెట్టు ఎవరిదో తేల్చుకో. గల్లీ సడక్ పక్కన, ప్రహరీ బయట ఉంది కాబట్టి గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌ది. అదే మెయిన్ రోడ్డు మీద ఉంటే ఆర్ అండ్ బీ వాళ్లదో, జాతీయ రహదారి వాళ్లదో అవుతుంది. ఇంటి ఆవరణలో ఉన్న చెట్టు ఇంటాయనదే. కానీ మా చెట్టు మా ఇష్టం అనడానికి లేదు. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, సొంత జాగాలోని చెట్టుకూ వర్తిస్తుంది. కొట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. మీ చెట్టు ఆ జాబితాలో ఉందో లేదో రేంజ్ ఆఫీసులో అడుగు, పక్కింటాయన మాట నమ్మి రంపం తేవద్దు. కార్పొరేటర్ సారు నోటితో సరే అన్నా అది అనుమతి కాదు, చేతిలో కాగితం ఉండాలి.

దరఖాస్తులో ఏం రాయాలో చెప్తా, ఎందుకంటే సగం దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయి. చెట్టు పేరు, ఏ ఇంటి నంబరు ముందు, సడక్‌కు ఏ వైపు, మొదలు నుంచి గోడకు ఎన్ని అడుగులు, కరెంటు తీగకు ఎన్ని అడుగులు. ఎత్తు సుమారుగా చాలు, చుట్టుకొలత మాత్రం సరిగ్గా ఉండాలి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర, టేపు చుట్టి తీసిందే లెక్క. నేలకు ఆనించి తీస్తే వేరు ఉబ్బు కలిసి పెద్ద అంకె వస్తుంది, తనిఖీకి వచ్చినాయన కొలత నీ కొలతతో కలవదు. నాలుగు వైపుల నుంచి ఫొటోలు, సమస్య ఉన్నచోట దగ్గరగా ఒకటి జత చెయ్యి. 'ఇబ్బందిగా ఉంది' అని రాయకు. 'పడమటి కొమ్మ సర్వీస్ వైరును రాసుకుంటోంది' అని రాయి. కోరేది కొమ్మలు తీయడమా, చెట్టే తీయడమా అన్నది విడిగా, స్పష్టంగా ఉండాలి. ఇవ్వగానే ఇన్‌వర్డ్ నంబరు, తేదీ ముద్ర వేయించుకో. పట్టించుకోకపోతే సోమవారం ఫిర్యాదులు వినే ప్రజావాణిలో అదే నంబరు పట్టుకుని అడగొచ్చు. ఎవరైనా చెట్టు కొట్టేసి మాకు అనుమతి ఉందని బుకాయిస్తే, సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో ఆ ఉత్తర్వు నకలు అడుగు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అనుమతి వస్తే దాన్ని అక్షరం వదలకుండా చదువు. ఎన్ని చెట్లు, ఏవేవి, ఏ తేదీ లోపు, బదులుగా ఏం నాటాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఒక చెట్టు కాగితంతో రెండు చెట్లు పోవడం కొత్తేమీ కాదు. అందుకే కొట్టాల్సిన చెట్టుకు ముందే సున్నంతో గుర్తు పెట్టించి, నకలు చేతిలో పట్టుకుని ఎవరో ఒకరు పని అయ్యేదాకా అక్కడే నిలబడాలి.

ఇంకొకటి. 'పైసా ఇవ్వక్కర్లేదు, ఊరికే కొట్టిపెడతా, కర్ర నాకిస్తే చాలు' అంటూ ఒకాయన తప్పకుండా వస్తాడు. ఆయనకు కావలసింది లావు కర్ర, నీకు కావలసింది తీగ మీది సన్నకొమ్మ. రెండు గంటల్లో నీ సన్నకొమ్మ అక్కడే ఉంటుంది, నడిమి బోదె మాత్రం ఆటో ట్రాలీ ఎక్కుతుంది. పైగా సర్కారు చెట్టు కర్ర సర్కారుదే. అది వేలానికి పోవాలి, తరలించడానికి పర్మిట్ కావాలేమో కూడా అడగాలి. దారిలో పట్టుబడితే కాలనీ పేరే బయటికొస్తుంది.

ఇక మోరీ. నాకు అన్నిటికన్నా భయం దీనితోనే, ఎందుకంటే వేరు నరికిన తప్పు వెంటనే కనబడదు. చెట్టును నిలబెట్టే వేర్లు పాతాళంలో ఉంటాయనుకుంటారు. చాలావరకు పై రెండు మూడడుగుల మట్టిలోనే పరుచుకుని ఉంటాయి. మన దగ్గర చాలాచోట్ల కింద మొరం, దాని కింద బండ, ఇక లోతుకు ఎక్కడికి పోతాయి? ఒక లెక్క పెట్టుకో. చెట్టు చుట్టుకొలత 150 సెంటీమీటర్లయితే అడ్డం దాదాపు 48. దానికి ఆరింతలు, అంటే మూడు మీటర్లకు కాస్త తక్కువ, మొదలు చుట్టూ అంతమేర జేసీబీ బకెట్ దిగకూడదు. మూడింతల లోపు, అంటే దాదాపు మీటరున్నర లోపు, ఒక పక్క వేర్లన్నీ తెగితే చెట్టు నిలబడే బలమే పోతుంది. జేసీబీ వేరును కొయ్యదు, పీకుతుంది. తెగినచోటు నుంచి మొదలు దాకా వేరు చీలి, ఆ చీలికలో కుళ్లు పడుతుంది.

కాబట్టి ఆ హద్దు లోపల పడే మోరీని మనుషులతో తవ్వించమని ఏఈకి, అంటే కార్పొరేషన్ అసిస్టెంట్ ఇంజనీరుకు, రాసివ్వు. గడ్డపారతో మట్టి తీసి, వేర్లు బయటపడ్డాక చూడాలి. రెండు అంగుళాల లోపు సన్నవాటిని పదునైన రంపంతో నున్నగా కోసేయొచ్చు. అంతకన్నా లావువాటిని ముట్టుకోకుండా, వాటి కింది నుంచి పైపు వేసి నీళ్లు దాటించొచ్చు, లేదా మోరీని అక్కడ ఒకటిన్నర అడుగు వంపు తిప్పొచ్చు. వంపు తిప్పితే నీళ్లు పారవని మేస్త్రీ అంటాడు. వాటం సరిగ్గా ఇస్తే పారతాయి. మెల్లగా తిరిగే వంపు అయితే చాలు, మూలమట్టం మలుపు వద్దు. బయటపడ్డ వేర్లను తడి గోనె సంచులతో కప్పి, రెండు మూడు రోజుల్లో మట్టి పూడ్చించు. ఎండకు వారం వదిలేస్తే కొయ్యకపోయినా చచ్చిపోతాయి.

జనవరిలో వేరు తెగిన చెట్టు జనవరిలో పడదు. వైశాఖంలో రాళ్లవానతో వచ్చే గాలికో, శ్రావణంలో నేల నానినప్పుడో పడుతుంది. అప్పుడు అందరూ చెట్టును తిడతారు, మోరీ సంగతి ఎవరికీ గుర్తుండదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం వైపు అడవిలో ఒక్క గాలివానకు వేల చెట్లు కూలిపోయాయి కదా. అక్కడ వేరును ఎవరూ నరకలేదు. అయినా నానిన నేల, పైపై వేర్లు, సుడిగాలి కలిస్తే అంత పని జరిగింది. మరి ఒక పక్క వేర్లే లేని చెట్టు సంగతి చెప్పాలా?

మూడో ఆయన భయాన్ని కొట్టిపారేయకు, పరీక్ష చేయించు. చెట్టు వాలి ఉండటం తప్పు కాదు. పుట్టినప్పటి నుంచి వాలిన చెట్టు చివర మళ్లీ నిటారుగా తిరిగి ఉంటుంది. కొత్తగా వాలిందైతే అలా తిరగదు. వాలిన వైపుకు అవతలి పక్క నేలలో పగులు, మట్టి ఉబ్బు కనబడితే అది నిజమైన ప్రమాదం. మొదలు దగ్గర పుట్టగొడుగులు, పెంకులాంటి బూజు వస్తే లోపల వేరు కుళ్లుతున్నట్టు. కర్ర సుత్తితో బోదె చుట్టూ కొట్టి విను, గట్టి కర్ర 'టక్'మంటుంది, బోలు 'డబ్'మంటుంది. బోలు ఉన్నంత మాత్రాన చెట్టు పని అయిపోయినట్టు కాదు. లోపలి చేవ ఎలాగూ బతికి ఉన్న భాగం కాదు. చుట్టూ మిగిలిన గట్టి కర్ర మందం బోదె వ్యాసార్థంలో మూడో వంతు ఉంటే చాలావరకు నిలబడుతుంది. ఆ బోలులో సిమెంటు మాత్రం పోయించొద్దు. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. సందులో నీళ్లు దిగి కుళ్లు ఇంకా పెరుగుతుంది.

వేప ఎండిపోయిందని కొట్టించేవాళ్లు కూడా ఉంటారు. 2021లో తెలంగాణ అంతటా వేపలు చివర్ల నుంచి మాడిపోతే జనం బెదిరిపోయారు. అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రంతో వచ్చే కొమ్మ ఎండు తెగులు. కొమ్మ చివర్లు గోధుమరంగుకు తిరిగి కాలినట్టు వేలాడతాయి. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. చెట్టు చచ్చిందని ఎవరైనా అంటే పెన్సిలంత రెమ్మ మీద బొటనవేలి గోరుతో గీకి చూడు. బెరడు కింద పచ్చటి తడి పొర ఉంటే బతికే ఉంది. పొడిగా గోధుమరంగుంటే ఆ రెమ్మ పోయింది, ఇంకాస్త కిందికి పోయి మళ్లీ గీకు. బోదె దాకా పచ్చదనం లేకపోతేనే అది మోడు. పైగా శివరాత్రి ముందు వేప ఎలాగూ ఆకు రాలుస్తుంది, ఆ వారం చూసి తీర్పు చెప్పొద్దు.

కొమ్మల పని ఇప్పుడే, చిగురు రాకముందే చేయించు. ఉగాది దగ్గరికొచ్చాక కొడితే పచ్చడికి పువ్వు కూడా మిగలదు. మొత్తం ఆకులో నాలుగో వంతుకు మించి ఒక్క ఏడాది తీయకూడదు. ట్యాంకు మీదికి వాలిన కొమ్మలు రెండు తీసి, ట్యాంకుకు మూత పెట్టిస్తే ఎదురింటాయన బాధ తీరుతుంది. తల నరికించొద్దు. తల నరికిన వేప నరికినచోట గుత్తులుగా చువ్వలు వేస్తుంది. అవి పైపై బెరడుకే అతుక్కుని ఉంటాయి, మూడేళ్లకు లావెక్కి గాలికి ఊడి పడతాయి. భయంతో చేసిన పనే భయాన్ని తెచ్చిపెడుతుంది.

కోసే తీరు దగ్గరుండి చూసుకో. బరువైన కొమ్మకు మూడు కోతలు. మొదటిది బోదెకు అడుగు దూరంలో, కింది వైపు నుంచి, కొమ్మ మందంలో మూడో వంతు దాకా. రెండోది దానికి రెండు అంగుళాలు అవతల, పై నుంచి. కొమ్మ అక్కడ విరిగి పడిపోతుంది, కింది కోత ఉండటం వల్ల బెరడు బోదె మీదికి చీలదు. మూడోది మిగిలిన మొండిని తీసే కోత. కొమ్మ బోదెలో కలిసేచోట ముడతలు పడి, ఉంగరంలా ఉబ్బిన పట్టీ ఉంటుంది. దానికి సరిగ్గా బయట కొయ్యాలి. ఆ ఉంగరంలోంచే కొత్త బెరడు పుట్టి గాయాన్ని మూస్తుంది. దాన్ని చెక్కేసి బోదెకు సాఫుగా కోస్తే గాయం ఇంకా పెద్దదవుతుంది, మొండి వదిలేస్తే అది కుళ్లి కుళ్లు లోపలికి పోతుంది. గాయానికి తారు, పెయింట్ ఏమీ పూయొద్దు. గొడ్డలి అసలే వద్దు.

తీగ దగ్గరి కొమ్మ మాత్రం మీరు ముట్టుకోవద్దు. 1912కు చెప్పండి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపించడం) తీసుకున్నాకే ఎవరైనా చెట్టెక్కాలి. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది, వెదురు కర్రకు కట్టిన కొడవలి కాపాడదు. కరెంటు వాళ్లు తొందరలో తీగ వైపంతా చదును చేసి వెళ్లిపోతారు, బరువంతా మీ ఇళ్ల వైపు మిగులుతుంది. తీగ వైపుకు పెరిగే కొమ్మను పూర్తిగా తీసి, పక్కకు పోయేదాన్ని ఉంచమని ముందే అడుగు. మర్యాదగా అడిగితే వింటారు. తీగతో సహా చెట్టు పడితే ఫొటోకు కూడా దగ్గరికి పోవద్దు, జనాన్ని పది మీటర్లు దూరంలో ఆపి ఫోన్ చెయ్యి.

మొదలు చుట్టూ సిమెంటు పోస్తామంటారు, ఒప్పుకోకు. ఢిల్లీలో ఇలా పోసినదాన్ని చెట్టు చుట్టూ ఒక మీటరు మేర తవ్వి తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. నీ ఉత్తరంలో అది రాస్తే పనికొస్తుంది. చెట్టు మొదట్లో చెత్త కాల్చడం, మేకులు కొట్టి బోర్డులు వేలాడదీయడం కూడా ఆపించు.

బదులు మొక్కల సంగతి. 2019 మునిసిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి, నాటినవాటిలో 85 శాతం బతకాలి. మొక్కలు, ట్రీగార్డులు ఆ మాట చెప్పే అడుగు. తీగ కింద కానుగ నాటుకో, కొమ్మ అదుపులో పెట్టడం తేలిక. రావి, మర్రి గుడి ఖాళీ జాగాకు మంచివి, గల్లీకి కాదు. కోనోకార్పస్ తెస్తే తిప్పి పంపు, నాటొద్దని ప్రభుత్వమే చెప్పింది. రెండడుగుల బొంద, ఆరడుగుల మొక్క, వేసవిలో రెండు రోజులకోసారి ఒక బిందె నీళ్లు. కర్రకు కట్టేది గుడ్డపేలికతో, ఇనుప తీగతో కాదు. రెండేళ్లకు ట్రీగార్డు తీసేయాలి, లేకపోతే ఇనుము బోదెలోకి దిగిపోతుంది.

ముందుగా నాలుగున్నర అడుగుల దగ్గర చుట్టుకొలత తీసి పంపు. మోరీకి ముగ్గు పోసిన గీత నుంచి మొదలు దాకా దూరం కూడా కొలువు. అది చెట్టు అడ్డానికి మూడింతలు దాటితే ఏఈకి ఇచ్చే ఉత్తరం ఒకలా రాద్దాం, లోపు ఉంటే మరోలా. జేసీబీ సోమవారం వస్తుందన్నావు కదా, ఆదివారం పొద్దుగాలే కొలువు.

మీ పెద్దబాపు