బానిసత్వం తర్వాతి చరిత్ర చదివితే బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీఏ హిస్టరీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. బానిసత్వం రద్దయ్యాక ఆ సమాజాలు ఏమయ్యాయో పరిశోధన చేస్తానంటోంది. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వమంటే వినడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ, అందుకే ముందు డబ్బు సంగతే చెబుతాను. ఎంఏ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. అది రాకపోతే చాలావరకు ఇంటి మీదే భారం పడుతుంది. పర్మినెంట్ పోస్టులు తక్కువ. ముప్పై దాటినా స్థిరపడకపోవచ్చు. ఈ లెక్క మీ అమ్మాయితో కూర్చుని మాట్లాడండి.

ఇక సబ్జెక్టు. అది మీకు అనుకున్నంత దూరం కాదు. అప్పట్లో బ్రిటిష్ వలసగా ఉన్న మారిషస్ దీవిలో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. బ్రిటన్ తన వలసలన్నిటికీ కలిపి 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, అదీ యజమానులకే! విడుదలైనవాళ్లకు పైసా దక్కలేదు. వాళ్లలో చాలామంది చెరకు తోటలు వదిలి వెళ్లిపోయారు. ఆ పనికి మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడలెక్కించారు. మీ పక్కనున్న కోరంగి రేవు పేరుతోనే అక్కడి తెలుగువాళ్లను 'కోరంగీలు' అన్నారు.

వాళ్ల రిజిస్టర్లు మారిషస్‌లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక నంబరు. పక్కన తండ్రి పేరు, వయసు, ఒంటిమీద గుర్తు, ఊరు. తెలుగు రాని గుమాస్తా చెవికి వినపడినట్టు రాసుకున్న ఆ పేరును చూసి, ఇది ఫలానా పల్లె కదా అని పోల్చుకోవాలంటే తెలుగు, మన ఊళ్ల పేర్లు తెలిసుండాలి. మీ అమ్మాయికి అవి పుట్టుకతో వచ్చాయి, మంచి పరిశోధకులకు కూడా అంత సులువుగా దొరకవు. 1810 దాకా ఆ దీవి ఫ్రెంచివాళ్లది, తర్వాత కూడా తోటల యజమానుల కాగితాలు చాలావరకు ఫ్రెంచిలోనే నడిచాయి. కాబట్టి ఫ్రెంచి ఇప్పుడే మొదలుపెట్టమనండి, పీహెచ్‌డీలో చేరాక తీరిక దొరకదు.

ఎంఏకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ చూడండి. రెండింటికీ సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దానికంటే ముందు, ఈ సెలవుల్లో చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కి ఒక వారం పంపండి. మద్రాసు ప్రెసిడెన్సీ పాత ఫైళ్లు అక్కడే ఉన్నాయి. దుమ్ము, అర్థంకాని చేతిరాత, రోజంతా వెతికితే ఒక్క కాగితం. అది చూశాక కూడా మళ్లీ వెళ్తానంటే ఇక ఆపకండి. వెళ్లే ముందు కాలేజీ నుంచి పరిచయ లేఖ మాత్రం తీసుకోమనండి.