టాపెట్ సెట్టింగ్ సొంతంగా చేసుకుంటే నిజంగా మిగిలేదెంత?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. విజయవాడలో ఉద్యోగం కావడంతో 150 సీసీ బైకుపై రోజుకు రానుపోను 70 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరుగుతాను. బండి 62,000 కిలోమీటర్లు నడిచింది, వారంటీ ముగిసింది. ప్రతి 6,000 కిలోమీటర్లకు టాపెట్లు చూపించాలని సర్వీసు పుస్తకంలో ఉంది. దానికి షోరూములో 950, ఆటోనగర్ మెకానిక్ 450 రూపాయలు అడుగుతున్నారు. 7,500 రూపాయల పనిముట్ల సెట్టును ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుని ఈ పని నేనే చేసుకోవాలనుకుంటున్నాను. ఇంజిన్ నుంచి శబ్దమేమీ లేదు కాబట్టి కొన్నాళ్లు వాయిదా వేయవచ్చా? మా బావమరిది తన పాత బుల్లెట్‌కు ఒక్కసారీ టాపెట్ సెట్ చేయించలేదంటున్నాడు.

జవాబు: ముందుగా వాయిదా సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ డబ్బుకు అసలు గండి అక్కడే ఉంది. టాపెట్ సెట్టింగ్ అంటే ఇంజిన్ వాల్వుకు, దాన్ని నొక్కి తెరిచే భాగానికి మధ్య ఉండే సన్నని సందును సరిచేయడం. ఆ సందు పెరిగి టాపెట్ వదులైతే టకటకమని శబ్దం వస్తుంది, బిగిసిపోతే ఏ శబ్దమూ రాదు. వాల్వు తన సీటులోకి అరిగి దిగేకొద్దీ సందు తగ్గిపోతుంది. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ (సిలిండరులో పుట్టే ఒత్తిడి) తగ్గుతుంది, సీటుకు ఆనినప్పుడే వేడిని వదలగలిగే ఎగ్జాస్ట్ వాల్వు (పొగను బయటికి పంపేది) క్రమంగా కాలిపోతుంది. కాబట్టి శబ్దం లేకపోవడాన్ని ఆరోగ్య లక్షణంగా తీసుకోకండి. మీరు ఏడాదికి 21,000 కిలోమీటర్లు తిరుగుతున్నారు. కంప్రెషన్ తగ్గి, లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండి 43కు పడిపోయిందనుకుంటే ఏటా దాదాపు 22 లీటర్ల పెట్రోలు అదనంగా కావాలి. లీటరు 110 రూపాయల లెక్కన అది సుమారు 2,400 రూపాయలు. మెకానిక్‌కు ఏడాది పొడవునా మీరు ఇచ్చే కూలి కంటే ఇదే ఎక్కువ. బావమరిది గారి మాటకు వస్తే, యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజిన్ ఉన్న బుల్లెట్లలో, ఆయిల్ ఒత్తిడితో సందును తామే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు ఉంటాయి కనుక వాటికి ఆ సెట్టింగ్ అవసరమే లేదు. ఆ అనుభవం మీ బండికి వర్తించదు.

ఇప్పుడు పనిముట్ల లెక్క చూద్దాం. పొదుపును లెక్కించేటప్పుడు చాలామంది అత్యంత ఖరీదైన ప్రత్యామ్నాయంతో పోల్చుకుని సంతోషపడతారు. మీరు షోరూము వారి 950తో పోల్చకూడదు. నమ్మకంగా పని చేసే మెకానిక్ 450కే దొరుకుతున్నప్పుడు పోలిక దానితోనే జరగాలి. ఏడాదికి సగటున మూడున్నర సార్లు ఈ పని పడుతుంది. టాపెట్ మూతల కింద ఉండే రబ్బరు ఓ-రింగులకు ప్రతిసారీ 60 రూపాయలు తీసేస్తే, మీకు ఒక్కో సారికి మిగిలేది 390, ఏడాదికి 1,365 రూపాయలు. ఆ లెక్కన 7,500 రూపాయల సెట్టు ఖరీదు రాబట్టడానికి ఐదున్నర ఏళ్లు పడుతుంది, అప్పటికి మీ బండి 1,77,000 కిలోమీటర్లు దాటి ఉంటుంది. అంతకాలం ఈ బండినే ఉంచుకుంటారని నేను అనుకోవడం లేదు. పైగా నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీని ధరలో తగ్గించినట్టు చూపినా, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీని, చాలా బ్యాంకుల్లో ప్రాసెసింగ్ రుసుమును మీరే కట్టాలి. సెట్టులో ఉన్న పనిముట్లలో ఎక్కువ భాగం ఈ పనికి అక్కరకు రావు కూడా. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు), సరైన కొలత రింగు స్పానరు, అడ్జస్టర్ తిప్పే టాపెట్ కీ, క్రాంకు తిప్పే సాకెట్ విడిగా కొంటే 1,800 రూపాయలలో సరిపెట్టుకోవచ్చు. అప్పుడు పెట్టుబడి పదహారు నెలల్లో తిరిగి వస్తుంది.

ఇంతవరకు లెక్క మీకు అనుకూలంగానే కనిపిస్తుంది. అయితే ఈ పనిలో లాభం చిన్న చిన్న మొత్తాల్లో వస్తుంది, నష్టం మాత్రం ఒకేసారి వస్తుంది. సర్దవలసిన సందు తల వెంట్రుక మందమంత మాత్రమే. పిస్టన్ రెండు వాల్వులూ మూసి ఉండే కంప్రెషన్ స్ట్రోకులో పైకొసకు వచ్చిందా, ఎగ్జాస్ట్ స్ట్రోకులోనా అన్నది గుర్తించకపోయినా, లాక్‌నట్ బిగించేటప్పుడు అడ్జస్టర్ స్క్రూ కొద్దిగా తిరిగిపోయినా, బిగించడం మరచిపోయి నట్ దారిలో ఊడినా, ఇంజిన్ పైభాగమైన హెడ్ విప్పే పరిస్థితి రావచ్చు. వాల్వు మార్చి, సీటు రుద్ది, హెడ్ తిరిగి ఎక్కించడానికి 9,000 రూపాయలు అవుతుందనుకుందాం (మీ మెకానిక్‌ను అడిగి ఈ అంకెను సరిచేసుకోండి). అంటే ఒక్క తప్పు 23 సార్ల పొదుపును, అనగా ఆరున్నర ఏళ్ల శ్రమను తుడిచిపెడుతుంది. దీనికి బీమా సాయం కూడా ఉండదు, ఎందుకంటే సాధారణ వాహన పాలసీలో అరుగుదల, యాంత్రిక లోపాలు మినహాయింపుల్లో ఉంటాయి. 23 సార్లలో ఒక్కసారి కూడా పొరపడనన్న ధీమా మీకు ఇప్పుడు ఉందా అన్నదే నిర్ణయాన్ని తేల్చే ప్రశ్న. మొదటిసారి స్పానరు పట్టేవారికి ఉండదనే నేననుకుంటాను.

అలాగని మెకానిక్ చేతిలో పెడితే దిగులు లేదనీ చెప్పలేను. సర్వీసు పుస్తకంలో ఇచ్చే కొలత చల్లటి ఇంజిన్‌కు సంబంధించినది. కొన్ని హోండా పుస్తకాలు 35 డిగ్రీలు మించకూడదని స్పష్టంగా చెబుతాయి. గుంటూరు నుంచి మంగళగిరి మీదుగా జాతీయ రహదారిపై వచ్చిన బండి ఆటోనగర్ చేరేసరికి కాలుతూ ఉంటుంది, మీరు పక్కనే నిలబడి తొందరపెడితే మెకానిక్ అలాగే విప్పేస్తాడు. వేడికి లోహాలు వ్యాకోచించి ఉన్నప్పుడు తీసిన కొలత తప్పవుతుంది, మీ 450 రూపాయలు వృథా అవుతాయి. ఉదయం బండి అప్పగించి, మధ్యాహ్నం తరువాతే విప్పమని చెప్పి, సాయంత్రం తీసుకోండి. ఇంటి వద్ద చేసుకోవడంలోని అసలు సౌకర్యం కూడా ఇదే: రాత్రంతా నిలిచిన బండిని ఆదివారం పొద్దున్నే విప్పవచ్చు. మన ఎండాకాలంలో మాత్రం ఆ పనిని తెల్లవారగానే పెట్టుకోవాలి.

కొలవడం, సర్దడం అనే రెండు పనులను విడదీసి చూడమని నా సూచన. కొలవడంలో పోయేది తక్కువ. సందు హద్దుల్లోనే ఉంటే ఆ విడతకు మెకానిక్ వద్దకు వెళ్లనవసరమే లేదు, మూత బిగించేస్తే సరిపోతుంది. కాబట్టి ముందు ఫీలర్ గేజ్, సాకెట్ కొనుక్కుని, కొలిచిన ప్రతిసారీ ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వుల సందు అంకెలను తేదీతో, కిలోమీటర్లతో రాసి ఉంచండి. ఎగ్జాస్ట్ సందు విడత విడతకూ తగ్గుతూ వస్తే, అది పెద్ద ఖర్చు గురించి ముందుగా అందిన కబురే.

ఈఎంఐ ఆలోచన మానుకుని, దానికి నెలనెలా కట్టవలసిన 1,250 రూపాయలనే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి; ఎనిమిది నెలల్లో 10,000 రూపాయలు చేరతాయి. 66,000, 72,000 కిలోమీటర్ల వద్ద మీరే కొలవండి, సర్దవలసి వస్తే మెకానిక్ చేతే చేయించి పక్కన ఉండి గమనించండి. ప్రస్తుత వేగంతో మీరు 78,000 చేరడానికి తొమ్మిది నెలలకు పైగా పడుతుంది. అప్పటికి హెడ్ మరమ్మతుకు సరిపడే డబ్బు డిపాజిట్‌లో ఉంటుంది, మీ కొలతలు మెకానిక్ కొలతలతో సరిపోతున్నాయో లేదో కూడా తెలిసిపోతుంది. సరిపోతే మిగిలిన స్పానరు, టాపెట్ కీ అప్పుడు కొనండి. సరిపోకపోతే 450 రూపాయలు ఇవ్వడమే మీకు చవక.