ముందు ఒక్క చదరాన్ని కదిలించు

చిట్టితల్లికి,

మావయ్య ఆశీస్సులు. మొన్న ఆదివారం మీరు పెరంబూరు వచ్చినప్పుడు నీ నోట్‌బుక్ చూపించావు. భోజనాల హడావిడిలో సరిగ్గా మాట్లాడలేకపోయాను. మీరు వెళ్లాక కూడా నా మనసంతా దాని మీదే ఉంది. ఫోన్లో చెప్పొచ్చు గానీ, ఇలాంటివి కాగితం మీద ఉంటే ఆగి ఆగి చదువుకోవచ్చు. తెలుగు చదవడం నీకింకా కాస్త నిదానం కదా, ఎక్కడైనా తడబడితే అమ్మ పక్కన కూర్చో.

నీ ఆట ఆలోచన నాకు చాలా నచ్చింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫానుకు మీ వేళచ్చేరి వీధులు చెరువులైపోయాయి. మీరు మూడు రోజులు కరెంటు లేకుండా పై అంతస్తులో ఉండిపోయారు. పడవలో వచ్చినవాళ్లు పాల ప్యాకెట్లు అందించి వెళ్లడం నువ్వు కిటికీలోంచి చూశావు. ఆ పడవ నడిపే అమ్మాయిని పెట్టి ఆట రాయాలనుకున్నావు. ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న ఆలోచన కాదిది, నువ్వు కళ్లారా చూసింది. దాన్ని ఎప్పటికీ వదలకు.

కానీ నోట్‌బుక్‌లో ఉన్నవన్నీ కూర్చుని లెక్కపెట్టాను. నలభై వీధులు, మెరీనా, సిటీ బస్సులు, మాట్లాడే మనుషులు, వాన, పగలూ రాత్రీ, స్నేహితులతో ఆన్‌లైన్‌లో కలిసి ఆడటం. మూడు వారాల్లో నువ్వు రాయగలిగింది ఒక మెనూ స్క్రీన్. స్టార్ట్ నొక్కితే ఏమీ రాదు. రాత్రి ల్యాప్‌టాప్ మూసేసి ఏడ్చావని అమ్మ చెప్పింది. నీకు చేతకాక కాదు తల్లీ. ఇరవై మంది కలిసి రెండేళ్లు చేసే పనిని ఒక్కదానివే నెత్తికెత్తుకున్నావు.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. 1992లో నెల్లూరులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. వారానికి రెండు గంటలే మెషిన్ ముందు కూర్చోనిచ్చేవారు, అదీ ఇద్దరికి ఒకటి. ఇంట్లోనే లాంగ్ నోట్‌బుక్‌లో ప్రోగ్రామ్ రాసుకుని వెళ్లి, అక్కడ టైపు చేసేవాళ్లం. జీడబ్ల్యూ బేసిక్ అనే అప్పటి ప్రోగ్రామింగ్ భాషలో గూడూరు జంక్షన్ మొత్తాన్ని ఆటగా చేయాలని పట్టుబట్టాను. సిగ్నళ్లు, గూడ్స్ బళ్లు, మద్రాసు లైను, రేణిగుంట లైను అన్నీ కావాలన్నాను. ఆరు నెలలు రాశాను. ఒక్క రైలు కూడా కదలలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆటల జోలికే పోలేదు. ఒక్క రైలును ఒక్క పట్టా మీద అటూ ఇటూ నడిపించి ఉంటే నా దారి ఇంకోలా ఉండేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే నీ విషయంలో ఇంత పట్టుదలగా చెబుతున్నాను.

గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలా అని నాన్న అడిగారు, అక్కర్లేదని చెప్పాను. నీ దగ్గరున్నది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి, దానితో ఆటలు రాయడానికి వాడే పైగేమ్‌కి ధారాళంగా సరిపోతుంది. రెండూ ఉచితమే. అది పూర్తిగా మొరాయిస్తే ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచ్చీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌ది చూద్దాం. నేనూ వస్తాను. ప్రతి కీ నొక్కి చూడకుండా అక్కడ ఏదీ కొనకూడదు.

ఇక అసలు పని. ఈ శనివారం నల్లటి తెర మీద ఒక తెల్ల చదరం కావాలి. అది ఎడమ నుంచి కుడికి వెళ్లి, గోడకు తగిలి, వెనక్కి రావాలి. అంతే. ఇంకేమీ పెట్టకు.

కంప్యూటర్ తెరిచే ముందు లెక్కల గ్రాఫ్ కాగితం తీసుకో. తెర వెడల్పు 640 పిక్సెళ్లు, ఎత్తు 480 అనుకుందాం. పిక్సెల్ అంటే తెర మీది ఒక చిన్న చుక్క. పైన ఎడమ మూల సున్నా, సున్నా. ఇక్కడే నీకు మొదటి తికమక వస్తుంది. స్కూల్లో స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్‌లో పిల్లిని నడిపించినప్పుడు సున్నా తెర నడిమధ్య ఉండేది, పైకి వెళ్తే వై పెరిగేది. పైగేమ్‌లో కిందకి వెళ్లేకొద్దీ వై పెరుగుతుంది. పైకి ఎగరాల్సింది కిందకి పడిపోతుంటే కంగారుపడకు, ఈ గ్రాఫ్ చూసుకో.

చదరం ఎక్స్ 100 దగ్గర మొదలైందనుకో. ప్రతి ఫ్రేముకూ, అంటే తెర మీద గీసే ఒక్కో బొమ్మకూ, 4 కలుపుతున్నాం. ఆ 4 దాని వేగం. 104, 108, 112... ఒక్కో చోట పెన్సిల్‌తో చుక్క పెట్టు. చుక్కలు గోడ దాకా వెళ్లనీ. గోడ ఎక్కడ? 640 దగ్గర అంటావు. అలాగే రాసి చూడు. చదరం మొత్తం తెర దాటి మాయమై, ఆ తర్వాత తిరిగొస్తుంది. ఎందుకంటే ఎక్స్ అనేది చదరం ఎడమ అంచు. చదరం వెడల్పు 20 అయితే దాని కుడి అంచు గోడకు తగిలేది ఎక్స్ 620 ఉన్నప్పుడే. ఇది నేను చెబితే ఒక వాక్యం. నీ చుక్కల్లో నువ్వే పట్టుకుంటే ఇంక ఎప్పటికీ మర్చిపోవు. గోడ తగిలాక దాన్ని వెనక్కి తిప్పడానికి రాయాల్సింది ఇంత చిన్నది:

వేగం = -వేగం

దీన్ని తెలుగులో ఇలాగే టైపు చేసినా పైథాన్ తీసుకుంటుంది, తెలుసా? పేర్లు తెలుగు లిపిలో ఉన్నా దానికి అభ్యంతరం లేదు. రేపు నలుగురితో కలిసి పనిచేసేటప్పుడు ఇంగ్లీషు పేర్లే వాడాల్సి వస్తుంది. కానీ మొదటి ఆటలో పడవను పడవ అనే పిలుచుకోవచ్చు.

ఏ ఆటలోనైనా లోపల తిరిగే చక్రం ఒక్కటే. ఏ కీ నొక్కారో చూడు, ప్రతిదాన్నీ ఒక అడుగు జరుపు, తెర తుడిచి మళ్లీ గీయి. సెకనుకు 60 సార్లు. ఒకసారి కావాలనే ఆ తుడవడం తీసేసి చూడు, చదరం వెనకాల పొడవాటి తెల్ల తోక పరుచుకుంటుంది. అప్పుడు అర్థమవుతుంది, నువ్వు చూస్తున్నది కదలిక కాదని, సెకనుకు 60 వేర్వేరు బొమ్మలని. ఆ 60 అనే హద్దు నువ్వే పెట్టాలి. పెట్టకపోతే నీ ల్యాప్‌టాప్‌లో ఒక వేగం, నాన్న ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇంకో వేగం. మా రోజుల్లో కంప్యూటర్ కేబినెట్ మీద టర్బో అని ఒక బటన్ ఉండేది. కొత్త మెషిన్లలో పాత ఆటలు కంటికి ఆనకుండా పరుగెత్తేవి, ఆ బటన్ నొక్కి మెషిన్‌నే నెమ్మది చేసుకుని ఆడేవాళ్లు.

చదరం అటూ ఇటూ తిరిగాక దాన్ని పైనుంచి కిందకి కూడా పంపించు. అడుగున ఒక బ్యాటు పెట్టి, ఎడమ కుడి బాణం కీలతో కదిలించు. తగిలితే పైకి ఎగరాలి. ఇక్కడ నీకు ఒక జబ్బు తప్పకుండా ఎదురవుతుంది. నాలుగైదు సార్లు బాగానే ఎగురుతుంది. ఏదో ఒకసారి చదరం బ్యాటు చివర దాకా వచ్చినప్పుడు నువ్వు బ్యాటును దాని మీదకి జరుపుతావు. అప్పుడు చదరం బ్యాటుకు అతుక్కుపోయి, జ్వరం వచ్చినట్టు గడగడా వణుకుతుంది. ఎంత లాగినా వదలదు. ఆ నిమిషంలో కోపం వచ్చి అన్నీ చెరిపేయాలనిపిస్తుంది. చెరపకు. ఆటను సెకనుకు రెండు ఫ్రేములకి తగ్గించి, మెల్లగా నడవనిచ్చి చూడు. చదరం బ్యాటు లోపలికి దూరిపోయి ఉంటుంది. తగిలింది కాబట్టి దిశ మార్చావు, నాలుగు అడుగులు పైకి వెళ్లింది. కానీ ఇంకా బ్యాటు లోపలే ఉంది. మళ్లీ తగిలింది, మళ్లీ మార్చావు, నాలుగు అడుగులు కిందకి. మళ్లీ, మళ్లీ. కంప్యూటర్ నువ్వు చెప్పింది తు.చ. తప్పకుండా చేస్తోంది. తగిలిందా అని మాత్రమే అడిగావు. తగిలిందా, పైగా కిందకి వస్తోందా అని అడగాలి. పైకి వెళ్తున్నదాన్ని వెళ్లనివ్వాలి. ఒక్క మాట కలిపితే వణుకు పోతుంది. ఆ రాత్రి నీకు నిద్ర పట్టదు చూడు, అంత సంతోషంగా ఉంటుంది.

తప్పు వచ్చినప్పుడు పైథాన్ ఎర్రటి అక్షరాలతో పేజీడు రాస్తుంది. భయపడకు. అన్నిటికన్నా కింది లైను ముందు చదువు, ఏం తప్పో అక్కడే ఉంటుంది. దాని పైనే ఏ లైనులో తప్పో నంబరు ఉంటుంది. మొదట్లో సగం తప్పులు పేరు స్పెల్లింగు తేడా, లేదా లైను ముందు ఖాళీ తేడా, అంతే. ఆట పనిచేస్తున్నప్పుడల్లా తేదీ పెట్టి ఒక కాపీ దాచుకో. చేతిలో నిన్నటి ఆట భద్రంగా ఉంటే ఇవాళ ధైర్యంగా ఏదైనా మార్చవచ్చు.

ఏఐ గురించి అడిగావు. ఒక్క మాట చెబితే ఆట మొత్తం రాసి ఇచ్చేస్తుంది కదా, నేనెందుకు రాయాలి అన్నావు. వాడుకో, తప్పులేదు. కానీ దాన్ని రాసిపెట్టమనకు, నువ్వు రాసినదాంట్లో ఎక్కడ పొరపాటు ఉందో, ఎందుకు వచ్చిందో చెప్పమను. ఆ వణుకు జబ్బును మాత్రం దాన్ని అడగకుండా పట్టుకో. మొదటి జబ్బు నీ చేతులతో నయం చేస్తే, తర్వాత ఎన్ని వచ్చినా టెన్షన్ పడవు.

ఒక బంతీ ఒక బ్యాటూ ఆటేనా అని చిన్నబోకు. 1972లో అటారీ అనే అమెరికా ఆటల కంపెనీలో అల్ ఆల్కార్న్ అనే కుర్ర ఇంజనీరుకు చేయి తిరగడానికని ఇచ్చిన పని అదే. అలా పుట్టిందే పాంగ్ అనే ఆట. అందులో ప్రోగ్రామ్ అంటూ లేదు, అంతా సర్క్యూట్లే. ఆయన బ్యాటును ఎనిమిది భాగాలు చేశాడు. మధ్యలో తగిలితే బంతి తిన్నగా వెళ్తుంది, అంచున తగిలితే వాలుగా దూసుకుపోతుంది. ఆ ఒక్కదానితో ఆడేవాడి చేతికి నేర్పు చూపించే వీలు దొరికింది. సర్క్యూట్ లోపం వల్ల బ్యాటు తెర పైఅంచు దాకా వెళ్లేది కాదు. దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశాడు, ఎంత మొనగాడికైనా బంతి తప్పిపోయే సందు ఒకటి మిగలాలని. 1978లో జపాన్‌లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆటలోనూ ఇలాగే జరిగింది. శత్రువులు తగ్గేకొద్దీ మెషిన్‌కి గీసే పని తగ్గి, మిగిలినవాళ్లు వేగంగా కదిలేవారు. తయారుచేసిన నిషికాడో ఆ వేగాన్ని అలాగే ఆటలో ఉండనిచ్చాడు. నీ బ్యాటునూ ఎనిమిది ముక్కలు చేసి చూడు, ఎంత మారిపోతుందో.

ఇప్పుడు నీ పడవ దగ్గరకి వద్దాం. ఆ బ్యాటు ఉంది కదా, దాన్ని పడవ చెయ్యి. పైన హెలికాప్టర్ అటూ ఇటూ తిరుగుతుంది, అదే నీ మొదటి చదరం. అందులోంచి అన్నం పొట్లాలు పడతాయి, అమ్మాయి పడవతో పట్టుకుంటుంది. ఒక పొట్లం నీళ్లలో పడితే నీటిమట్టం 20 పిక్సెళ్లు పెరుగుతుంది, పడవ కూడా దానితో పైకి వస్తుంది. కాగితం మీద గీసి చూస్తే నీకే కనిపిస్తుంది, నీళ్లు పెరిగేకొద్దీ హెలికాప్టర్‌కీ పడవకీ మధ్య దూరం తగ్గుతుంది, పట్టుకోవడానికి టైమ్ తగ్గుతుంది. వేగం పెంచే కోడు ఒక్క లైను కూడా అక్కర్లేదు. నీళ్లే ఆటను కష్టం చేస్తాయి. ఆ మూడు రోజులు మీకు జరిగిందీ అదే కదా. నలభై వీధులు లేకపోయినా ఇది నీ వేళచ్చేరి ఆటే.

బొమ్మలు చివర్లో పెట్టుకో. అప్పటిదాకా పడవ ఒక దీర్ఘచతురస్రం, అమ్మాయి ఒక ఎర్ర చుక్క. శనివారం రెండు గంటలు, మధ్యలో ఒక రోజు ఒక గంట చాలు. తొమ్మిదో తరగతి పరీక్షలప్పుడు పూర్తిగా ఆపేయ్. ఈ మాట నాన్నకి నేనే ఇచ్చాను, నా మాట నిలబెట్టు.

వచ్చే నెల మీరొచ్చినప్పుడు అత్తయ్య చేత ఆడిద్దాం. ఆవిడ ఇంతవరకూ ఒక్క కంప్యూటర్ ఆటా ఆడలేదు. నీకు అంతకన్నా మంచి పరీక్ష లేదు. నువ్వు వెనకాల నిలబడి నోరు మెదపకూడదు. ఏ కీ నొక్కాలో తెలియక మౌస్ వైపు చేయి పోతే రాసుకో. పొట్లం పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలియకపోతే రాసుకో. అటు కాదత్తయ్యా, ఇటు అని చెప్పాలని ప్రాణం లాగేస్తుంది, అయినా చెప్పకు. ఆవిడకి అర్థం కానిది ఆటలో సరిచేయాల్సింది. ఆడటం అయిపోయాక ఆవిడ తనంతట తను మళ్లీ స్టార్ట్ నొక్కిందా లేదా చూడు.

దీనితో పాటు నాలుగు గ్రాఫ్ కాగితాలు పెడుతున్నాను. మొదటిదాని మీద పైన ఎడమ మూల సున్నా, సున్నా నేనే రాసి, 100 దగ్గర ఒక చుక్క పెట్టాను. తర్వాతి చుక్క నుంచి నువ్వు పెట్టు.

మావయ్య
పెరంబూరు, చెన్నై