మా నాయన ఆపరేషన్‌కు తట్టుకుంటాడా?

ప్రశ్న: మా నాయనకు 71 ఏళ్లు. మూత్రంలో రక్తం పడితే తిరుపతిలో చూపించాం. మూత్రాశయంలో కాన్సర్ కండరం దాకా దిగిందనీ, మూత్రాశయం మొత్తం తీసేయాలనీ చెప్పారు. షుగర్ ఉంది, బీడీ ఇంకా మానలేదు. ‘ఈ వయసులో కోస్తే టేబుల్ మీదే పోతాడు’ అంటున్నాడు మా చిన్నాయన. నిజమేనా?
– ఒక పాఠకుడు, పీలేరు

జవాబు: మీ చిన్నాయన భయపడటంలో తప్పు లేదు. కాకపోతే భయపడాల్సింది టేబుల్ గురించి కాదు. టేబుల్ మీద పోవడం ఇప్పుడు చాలా అరుదు. మాకు టెన్షన్ అంతా ఆ తర్వాతి మూడు నెలలే. మొదటి 30 రోజుల్లో నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా చనిపోతారు. 90 రోజులకు లెక్కేస్తే అది సుమారు రెట్టింపవుతుంది. వయసు మీదపడినా, గుండె జబ్బున్నా, మనిషి బాగా చిక్కిపోయినా ఇంకా ఎక్కువ. అంటే డిశ్చార్జయి పీలేరు చేరాక కూడా గండం గడిచినట్టు కాదు.

ఎందుకంటే ఇది ఒకటిలో రెండు ఆపరేషన్లు. మూత్రాశయంతో పాటు ప్రోస్టేట్ కూడా తీస్తారు. తర్వాత చిన్నపేగులో జానెడు ముక్క కోసి, మూత్రం పొట్ట మీద అంటించే బ్యాగులోకి వచ్చేలా దారి చేసి, మిగిలిన పేగును మళ్లీ అతుకుతారు. ఆ అతుకు లీకైతే కడుపులో చీము పడుతుంది. బీడీ ఊపిరితిత్తులకు న్యుమోనియా తొందరగా పడుతుంది. కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. దానికే నాలుగు వారాల పాటు పొట్ట మీద సూది వేయించుకోమంటాం. ‘ఇంటికొచ్చేశాం కదా, ఇంకా సూదులెందుకు’ అని మానేస్తారు. పైగా పచ్చి బాలింతను చూసినట్టు మంచం దిగనివ్వరు! మీరలా చేయొద్దు, రోజూ నడిపించండి.

జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, బ్యాగులో మూత్రం తగ్గడం, ఒక్క కాలే వాచడం, ఆయాసం – వీటిలో ఏది కనిపించినా ఊళ్లో సూది వేయించి తెల్లారేదాకా చూడకండి. ఆ రాత్రే బయల్దేరండి.

బీడీ ఇవాళే మాన్పించండి. షుగర్ అదుపులోకి రావాలి. డాక్టర్ వద్దంటే తప్ప గుడ్లు, పప్పు బాగా పెట్టండి. కిడ్నీలు బాగుంటే ముందు కీమో ఇస్తారు, దాంతో బతికే అవకాశం కొంత పెరుగుతుంది. మీరు వెళ్లే చోట ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారో మొహమాటం లేకుండా అడగండి. ఎక్కువ చేసే చోట మరణాలు తక్కువ. ఒంట్లో అంత శక్తి లేదంటే కీమోతో పాటు రేడియేషన్ కుదురుతుందేమో కనుక్కోండి. అసలేమీ చేయకుండా వదిలేస్తే మాత్రం చాలామంది రెండేళ్లు దాటరు. ఈ సంగతి మీ చిన్నాయనకూ చెప్పండి.

ఇంకొకటి. తొలిరోజుల్లో ఒక మామిడి రైతుకు, బ్యాగు పెట్టే చోటును నేను పడుకోబెట్టే గుర్తు పెట్టాను. లేచి పంచె కడితే సరిగ్గా ముడి కిందికొచ్చింది. తోటలో వంగినప్పుడల్లా లీకే. పాపం, నన్ను ఒక్క మాటా అనలేదాయన. గుర్తు పెట్టే రోజు మీ నాయనను పంచెలోనే తీసుకెళ్లండి. నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని చూశాకే పెన్ను పెట్టమనండి.